మద్యపాన వ్యసనం – మానసిక రుగ్మతలు

తాగుడును అదుపులో పెట్టుకునే శక్తి క్రమంగా సన్నగిల్లి, ఒళ్లు, సంపాదన, సంసారం మూడూ దెబ్బతింటున్నాయని తెలిసికూడా మానలేకపోయే స్థితిని మద్యపాన వ్యసనం అంటారు. ఇది తనంతట తానే ఒక మానసిక రుగ్మతా, వేరే మానసిక రుగ్మత వల్ల పుట్టేదా, లేక కష్టాన్ని తట్టుకోవడానికి మనిషి పట్టిన తప్పుదారా అన్న చర్చ వైద్యంలో చాలాకాలంగా ఉంది. మూడింటిలోనూ నిజం ఉంది. ఒక్కో రోగిలో ఒక్కోదాని పాలు ఎక్కువగా ఉంటుంది. చట్టం మాత్రం తన మాట స్పష్టంగా చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధిని నిర్వచిస్తూ, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా అందులో చేర్చింది కనుక, వాటితో బాధపడే వ్యక్తికి మిగతా మానసిక రోగులతో సమానంగా వైద్యం పొందే హక్కు ఉన్నది.

సరిహద్దు పల్లెలో

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి వంటి పల్లెలలో ఈ సమస్యకు స్థానికమైన రూపం ఉంది. పావగడ పరిపాలనలో కర్ణాటకది. అయితే దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉండడంవల్ల ఇక్కడ చాలామందికి ఇంటిభాష తెలుగు, బడిభాష, కచేరీభాష కన్నడం. అనంతపురం సీమలాగే ఇదీ వానలు మొహం చాటేసే మెట్టప్రాంతం, వేరుశనగ మీద బతికే నేల. తిరుమణి పరిసరాలలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలిశాక, భూమి కౌలుకిచ్చిన రైతుకు ఏటా డబ్బు చేతికందుతున్నది గాని, ఆ భూమిలో కూలిచేసి బతికినవారికి కౌలు ఉండదు. చేతిలో పని లేకపోవడం, పనిలేని పొద్దు గడవకపోవడం తాగుడుకు తోడయ్యే పరిస్థితులలో ముఖ్యమైనవి.

సారాయి అమ్మకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2007 జులై 1 నుంచి నిషేధించింది. దాని స్థానాన్ని చవకరకం విస్కీ, బ్రాందీ పాకెట్లు ఆక్రమించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత మద్యం ధరలు బాగా పెరిగినప్పుడు ఈ పాకెట్లు సరిహద్దు దాటి అనంతపురం జిల్లా పల్లెలకు చేరుతుంటే పట్టుకోవడం పోలీసులకు నిత్యకృత్యమైంది. ధర మార్చినా, సరుకు మార్చినా తాగేవాడి అవసరం మారదని ఈ సరిహద్దు చరిత్రే చూపిస్తున్నది.

వైద్యానికి భాష ఒక ఆటంకం. మనసు బాగాలేదని డాక్టరు ముందు నోరు తెరిచి చెప్పేవారు అరుదు. నిద్ర పట్టదనీ, గుండె దడగా ఉందనీ, తల బరువనీ, ఒంట్లో నిస్సత్తువనీ చెబుతారు. ఆ మాటల వెనుక కుంగుబాటును పసిగట్టాలంటే అవతలి మనిషి కూడా ఇంటిభాషలోనే అడగాలి.

అంకెలు

బెంగళూరులోని నిమ్హాన్స్, అనగా జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ, 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వయోజనులలో 4.6 శాతం మందికి మద్యపాన రుగ్మత ఉన్నట్టు తేలింది. వారిలో సుమారు 86 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదు. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా చేయించగా 2019లో వెలువడిన సర్వే దేశంలో 5.7 కోట్లమంది మద్యం వల్ల హాని పొందుతున్నారని, లేదా దానికి బానిసలయ్యారని లెక్కగట్టింది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన మగవారిలో 43.3 శాతం మంది తాగుతారు. తాగేవారందరూ వ్యసనపరులు కారు, వ్యసనపరులందరికీ మరో మానసిక రుగ్మత ఉండదు; అయితే అమెరికాలో 1990లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో మద్యపాన రుగ్మత ఉన్నవారిలో 37 శాతం మందికి ఇంకొక మానసిక రుగ్మత కూడా కనిపించింది. ఇంతటి కలయికను యాదృచ్ఛికమనడం కుదరదు.

దుఃఖం ముందా, తాగుడు ముందా

బాధ మరవడానికి తాగుతున్నాననే మాట తెలుగు ఇళ్లలో కొత్తది కాదు. దీనికే శాస్త్రరూపం ఇచ్చినవాడు అమెరికన్ మనోవైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియన్. భరించలేని భావాలను అణచుకోవడానికి మనిషి మత్తును మందుగా వాడుకుంటాడని 1985లో ఆయన ప్రతిపాదించాడు. దానిని స్వీయచికిత్సా సిద్ధాంతం అంటారు. అందులో సత్యం ఉంది. మద్యం మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పనిని పెంచి, ఉద్రేకపరిచే గ్లూటమేట్ పనిని తగ్గిస్తుంది కనుక, మొదటి గంటలో దడ తగ్గుతుంది, నిద్ర వస్తుంది, అప్పులవాడి మొహం గుర్తురాదు. కాని రోజూ పోస్తుంటే మెదడు ఎదురుసర్దుబాటు చేసుకుంటుంది. మత్తు దిగగానే ఉద్రేకమే పైచేయి అయి, తెల్లవారుజామున మెలకువ వచ్చి, ముందటికంటే ఎక్కువ దడ, చిరాకు, దిగులు కమ్ముతాయి. వాటిని అణచడానికి మళ్లీ ఒక గుక్క కావలసి వస్తుంది. నిన్నటి బాధకు వేసుకున్న మందే నేటి బాధకు కారణమయ్యే ఈ చక్రాన్ని రోగి లోపలినుంచి చూడలేడు. తనకు మద్యం మేలు చేస్తున్నదని అతను చిత్తశుద్ధితోనే నమ్ముతాడు.

రెండో దిశ కూడా అంతే బలమైనది. మార్క్ షూకిట్ బృందం 1988లో ప్రకటించిన పరిశీలనలో, చికిత్సకు చేరిన మద్యపాన రోగులలో 42 శాతం మందికి చేరేనాటికి తీవ్రమైన కుంగుబాటు లక్షణాలున్నాయి. నాలుగు వారాలు చుక్క ముట్టకుండా ఉన్నాక వాటితో మిగిలినవారు 6 శాతం మాత్రమే. అంటే ఆ దిగులులో అధికభాగం తాగుడు తెచ్చిపెట్టినదే. మిగిలిన కొద్దిమందికి మాత్రం కుంగుబాటు విడిగా ఉన్న జబ్బు, దానికి వైద్యమూ విడిగా జరగాలి. స్కిజోఫ్రీనియా, బైపోలార్ రుగ్మత, ఆందోళన రుగ్మతలు ఉన్నవారిలోనూ తాగుడు ఎక్కువ. ఇవికాక వంశపారంపర్యం ఉన్నది. కవలల మీద జరిగిన పరిశోధనలు ఈ వ్యసనంలో సుమారు సగం పాలు జన్యువులదేనని సూచిస్తున్నాయి. భార్యమీద నిరాధారమైన అనుమానం పెంచుకోవడం, లేని గొంతులు వినబడడం వంటి రుగ్మతలు నేరుగా దీర్ఘకాల మద్యపానం వల్ల కూడా రావచ్చు; వాటిని మగవాడి స్వభావమని సరిపెట్టుకోవడం వల్ల ఎందరో స్త్రీలు ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నారు.

అందుకే మంచి వైద్యుడు రోగి పక్కనున్న భార్యనో తల్లినో కూర్చోబెట్టి కాలక్రమం రాబడతాడు. పెళ్లినాటికి తాగేవాడా, బోరు ఎండిపోయిన ఏడు ఎలా ఉండేవాడు, మాల వేసుకున్న నలభై రోజులూ మనసు తేలికపడిందా, తాగకముందునుంచే అందరికీ దూరంగా ఉండేవాడా అని ఒక్కొక్కటే అడుగుతాడు. ఏది ముందు మొదలైందో, తాగని రోజుల్లో ఏది మిగిలిందో ఆ జవాబులే చెబుతాయి. ఏ రక్తపరీక్షా ఆ పని చేయదు.

మానడంలో ఉన్న ప్రమాదం

బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటలలో వణుకు మొదలవుతుంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణుకుతుంది. రెండు రోజులలోగా ఫిట్స్ రావచ్చు. మూడోరోజు ప్రాంతంలో కొందరికి తాను ఎక్కడున్నదీ తెలియక, గోడమీద పురుగులు పాకుతున్నట్టు కనబడి, చెమటలు కారుతూ కేకలు వేసే స్థితి వస్తుంది. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితి ప్రాణాంతకం కాగలదు. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టే ఇళ్లలో రోగికి అందవలసిన డయాజిపామ్ జాతి మందులు, బి1 విటమిన్ సూది అందక ఆలస్యమవుతుంది. బి1 లోపం వల్ల నడక, జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు రోగులు వరుసకట్టడం తెలుగువారు కళ్లారా చూసిన దృశ్యం. అంతకుముందు 2015లో తెలంగాణలో కల్తీ కల్లుమీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలనుంచి వచ్చినవారిలోనూ ఇదే తీరు కనిపించింది; అక్కడ కల్లులో కలిపిన క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు మానినప్పటి బాధను ఇంకా పెంచాయి.

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలోని ఉంతకల్లు పాండురంగస్వామి గుడి తాగుడు మాన్పించే గుడిగా పేరుపొందింది. అక్కడ మాల వేసుకోవడానికి కర్ణాటకనుంచి కూడా వస్తారు. మొక్కు, నియమం, నలుగురి సాక్ష్యం మనిషికి కొత్త ఊతాలు. వాటిని తేలికగా తీసిపారేయడం తగదు. కాకపోతే, పొద్దున్నే గుక్కపడితేగాని చేయి నిలవని మనిషి మాల వేసుకోబోయేముందు డాక్టరును కలవడం తప్పనిసరి.

నిషేధం, చికిత్స

నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది; 1997లో నిషేధం సడలిపోయింది. కూలిడబ్బు ఇంటికి చేరాలని, దెబ్బలు ఆగాలని ఆ స్త్రీలు కోరినది పూర్తిగా న్యాయం. కాని తాగేవాడికి వైద్యం, తాగుబోతు భర్తతో కాపురం చేసి కుంగిపోయిన భార్యకు ఓదార్పు, భయంతో పెరిగిన పిల్లలకు అండ అనే మూడు పనులు ప్రభుత్వాల లెక్కలోకి పెద్దగా రాలేదు. ఆ లోటు నేటికీ ఉంది.

చికిత్స అంటే పెద్దనగరం, పెద్దాసుపత్రి అనుకోనక్కర లేదు. 1980లలో నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు తర్ఫీదునిచ్చి నడిపిన ప్రయోగమే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. గోవాలో జరిగిన ఒక అధ్యయనంలో వైద్యవిద్య లేని సలహాదారులే, కొద్దిపాటి శిక్షణతో, ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన హానికర మద్యపాన పురుషులతో కొన్నిసార్లు కూర్చొని మాట్లాడగా, మూడు నెలలకు 36 శాతం మంది ప్రమాదస్థాయినుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో అది 26 శాతం. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు తాగాలన్న తపనను తగ్గిస్తాయి. కుంగుబాటు విడిగా ఉన్నవారిలో రెండు జబ్బులకూ ఒకేచోట, ఒకే కాలంలో వైద్యం జరగాలి; ముందు తాగుడు మానేసి రమ్మని మానసిక వైద్యుడు, ముందు మనసు కుదుటపరచుకొని రమ్మని వ్యసన విముక్తి కేంద్రం పంపివేస్తే రోగి మధ్యలోనే జారిపోతాడు.

నిమ్హాన్స్ మార్గదర్శకత్వంలో 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరుమీద రోజంతా ఉచితంగా అందుతుంది. పావగడ పల్లెలనుంచి చేసేవారు అందులో తెలుగులోగాని కన్నడంలోగాని మాట్లాడవచ్చు, రోగి ఒప్పుకోకపోతే ఇంటివారే ముందుగా ఫోను చేయవచ్చు.