నాయనమ్మ చేవ్రాలు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరమని పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడినుంచి సిపాయిలు వెళ్ళారు. అంతటి పేరు లేని గోదావరి పల్లెలనుంచి కూడా ఎందరో వెళ్ళారు. వారిలో మా తాతయ్య ఒకరు. ఆయన యుద్ధం కబుర్లు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ అయిదేళ్ళూ నాయనమ్మ ఎలా గడిపిందని మాత్రం చాలాకాలం ఎవరమూ అడగలేదు.

1939లో రమారమి రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి పాతిక లక్షలు దాటింది. అందరూ స్వచ్ఛందంగా చేరినవారేనని చరిత్రకారులు వ్రాస్తారు. నిర్బంధంగా చేర్చుకోలేదు కనుక ఆ మాట నిజమే. అయితే 1941లో తాతయ్య చేరింది తండ్రి చేసిన అప్పు తీర్చడానికి. అప్పటికి నాయనమ్మకు పదహారేళ్ళు. కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపాను వశమయ్యాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలమీద బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం రాక ఆగి ధరలు మండిపోయాయి. తాతయ్య ఎక్కడున్నారో ఇంట్లో తెలియదు. సెన్సారువారు చూసి పంపే ఉత్తరాల్లో ఊరిపేరు ఉండేది కాదు. దిమాపూరు, ఇంఫాలు మధ్య మిలటరీ లారీ నడిపారని ఆయన తిరిగివచ్చాకే తెలిసింది.

నాయనమ్మకు చదువు రాదు. ఉత్తరం వస్తే పోస్టుమాను అరుగుమీద కూర్చుని చదివేవాడు. అత్తమామలు, ఇరుగుపొరుగు చుట్టూ చేరేవారు. జవాబు మావగారు చెప్పి వ్రాయించేవారు. "నలుగురూ వినే ఉత్తరంలో ఆయన నాకేం చెబుతారు బాబూ, నేనేం చెప్పను?" అన్నదావిడ ఒకసారి నాతో.

మనియార్డరు ఫారంలో ఒక ముక్క ఉండేది. సొమ్ము ముట్టినట్లు దానిమీద నిశాని వేస్తే, అది పంపినవారికి తిరిగి వెళ్ళేది. నాయనమ్మ దగ్గరనుంచి తాతయ్యకు నేరుగా చేరేది ఆ వేలిముద్ర ఒక్కటే. అది తోచాక ఆవిడ పక్కింటి పిల్లవాడి పలకమీద, ఎవరూ లేనప్పుడు, తన పేరు దిద్దుకున్నది.

1946లో తాతయ్యను సైన్యంనుంచి విడుదల చేశారు. సిపాయికి పింఛను రావాలంటే పదిహేనేళ్ళు పనిచేయాలి. ఆయనవి అయిదే. మిగిలిన బ్రతుకంతా ఇద్దరూ కౌలు సేద్యంలోనే వెళ్ళదీశారు.

తాతయ్య పోయాక ఆయన ట్రంకుపెట్టె తెరిచాము. అడుగున దారంతో కట్టిన మనియార్డరు ముక్కలున్నాయి. పైవన్నీ వేలిముద్రలే. 1943 నాటి ఒక ముక్కమీద మాత్రం వంకరటింకర అక్షరాలతో ఆవిడ పేరు ఉంది. ఒక తలకట్టు తప్పిపోయింది. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నారో, ఆ ముక్క ఒక్కటే మడతల దగ్గర చిరిగింది.

నాయనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అందిందని ఎన్నడూ చెప్పలేదే" అన్నది.

ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. ఆ చిరిగిన ముక్క ఇప్పుడు నా దగ్గర ఉంది.