గల్ఫ్‌స్ట్రీమ్-5

గల్ఫ్‌స్ట్రీమ్-5 అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన గల్ఫ్‌స్ట్రీమ్ ఏరోస్పేస్ సంస్థ నిర్మించిన రెండు ఇంజన్ల బిజినెస్ జెట్ విమానము. దీనిని జి-5 అని కూడా వ్యవహరిస్తారు. ఎక్కడా ఆగకుండా సుమారు 12,000 కిలోమీటర్లు ప్రయాణించగలగడం దీని ముఖ్య విశేషం. 1995లో తొలిసారిగా ఎగిరిన ఈ విమానాలను 2002 వరకు 190కి పైగా నిర్మించారు.

చరిత్ర

దీనికి ముందరి నమూనా అయిన గల్ఫ్‌స్ట్రీమ్-4 సుమారు 7,800 కి.మీ. ప్రయాణించగలిగేది. న్యూయార్క్ నుండి లండన్ చేరడానికి ఇది సరిపోయినా, 10,800 కి.మీ. దూరంలోని టోక్యో వెళ్ళాలంటే దారిలో ఇంధనం కోసం దిగవలసి వచ్చేది. 1991లో కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ గ్లోబల్ ఎక్స్‌ప్రెస్ అనే సుదూర విమానాన్ని ప్రకటించింది. మరుసటి సంవత్సరం గల్ఫ్‌స్ట్రీమ్ తన కొత్త విమాన నిర్మాణాన్ని చేపట్టింది. జి-5 1995 నవంబరు 28న జార్జియా రాష్ట్రంలోని సవానాలో తొలిసారి ఎగిరింది. గ్లోబల్ ఎక్స్‌ప్రెస్ తొలిసారి ఎగిరినది 1996 అక్టోబరులో. 1997 ఏప్రిల్‌లో జి-5కు అమెరికా విమానయాన అధికారుల ధ్రువీకరణ లభించింది. ఆ సంవత్సరపు కొలియర్ ట్రోఫీ కూడా దీనికే దక్కింది.

నిర్మాణం

పాత నమూనా కంటే దీని కాయాన్ని రెండు మీటర్లకు పైగా పొడిగించి, రెక్కలను కొత్తగా రూపొందించారు. ఇంధనమంతా రెక్కలలోనే ఉంటుంది. గరిష్ఠ టేకాఫ్ బరువు 41 టన్నులు కాగా అందులో 18.7 టన్నులు, అనగా దాదాపు 45 శాతం, ఇంధనమే. బీఎండబ్ల్యూ రోల్స్-రాయిస్ సంస్థ తయారుచేసిన రెండు బీఆర్-710 టర్బోఫాన్ ఇంజన్లు తోక వద్ద ఉంటాయి.

నిండు ఇంధనంతో బయలుదేరిన విమానం మొదట 41,000 అడుగుల ఎత్తుకు చేరుతుంది. ఇంధనం ఖర్చయి తేలికపడే కొద్దీ 51,000 అడుగుల వరకు పోగలదు. అక్కడ గాలి పలుచన కనుక నిరోధం తక్కువ. ఆ ఎత్తులో కూడా క్యాబిన్‌లోని పీడనం 6,000 అడుగుల ఎత్తున ఉండే పీడనంతో సమానంగా ఉంటుంది. అయితే 12,000 కి.మీ. పరిధి ఎనిమిది మంది ప్రయాణీకులతో, మాక్ 0.80 వేగంతో వెళ్ళినపుడే సాధ్యం. వేగం పెంచితే పరిధి తగ్గుతుంది.

సాంకేతిక వివరాలు

* పొడవు: 29.4 మీటర్లు
* రెక్కల విస్తీర్ణత: 28.5 మీటర్లు
* ఎత్తు: 7.9 మీటర్లు
* ఒక్కొక్క ఇంజన్ థ్రస్ట్: 14,750 పౌండ్లు
* గరిష్ఠ వేగం: మాక్ 0.885
* ప్రయాణీకులు: 14 నుండి 19

ఇతర ఉపయోగాలు

అమెరికా వైమానిక దళం ఈ విమానాన్ని సి-37ఎ పేరుతో ఉన్నతాధికారుల ప్రయాణాలకు వినియోగిస్తుంది. అమెరికా జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రం ఒక జి-5ను ప్రయోగశాలగా మార్చి, దానికి హయపర్ అని పేరు పెట్టింది. 2009-2011 మధ్య ఇది పసిఫిక్ మహాసముద్రం మీదుగా ఆర్కిటిక్ నుండి అంటార్కిటికా సమీపం వరకు పయనించి, వివిధ ఎత్తులలో గాలిలోని హరితగృహ వాయువులను కొలిచింది. కొద్దిమంది కోసం అధిక ఇంధనం దహించి ఆ వాయువులను పెంచుతున్నాయన్నదే బిజినెస్ జెట్లపై ఉన్న ప్రధాన విమర్శ.

తరువాతి నమూనా

జి-5 స్థానంలో వచ్చిన జి-550కి 2003లో ధ్రువీకరణ లభించింది. దాని పరిధి సుమారు 12,500 కి.మీ.