రాజు మనోడే, మరి భూమి ఎవరిది? ఎస్వాటినీ కథ



మొన్న గ్రూపులో భూముల గురించి మాట్లాడుకుంటుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మన రాజ్యం మనకుండి, మనోడే రాజైతే ఈ పట్టాల గొడవే ఉండదు కదా?" మంచి ప్రశ్నే. దీనికి జవాబుగా ఆఫ్రికాలోని ఒక చిన్న దేశం కథ రాస్తున్నా. కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

దేశం పేరు ఎస్వాటినీ. 2018 దాకా స్వాజీలాండ్ అనేవాళ్లు. విస్తీర్ణం 17,364 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. జనం దాదాపు 12 లక్షలు. మూడు వైపులా దక్షిణాఫ్రికా, తూర్పున మొజాంబిక్. సముద్రం లేదు. పడమర ఎత్తైన చల్లని కొండలు, మధ్యలో పంటలకు అనువైన నేల, తర్వాత వేడిగా ఉండే పల్లపు మైదానం, చివర లుబొంబో కొండలు. పడమటి కొండల్లోని న్గ్వెన్యా దగ్గర దాదాపు 43 వేల ఏళ్ల కిందటే మనుషులు ఎర్రరాయి తవ్వుకున్న గని ఉంది. ప్రపంచంలోని అతి పాత గనుల్లో అదొకటి.

జనంలో ఎక్కువమంది స్వాజీలు, భాష సిస్వాతి. ద్లామిని వంశం వాళ్లు రాజులు. రాజును న్గ్వెన్యామా అంటారు, అంటే సింహం. రాజమాతను న్ద్లోవుకాతి అంటారు, అంటే ఆడ ఏనుగు. ఆమె ఊరికే పేరుకు రాజమాత కాదు, పాలనలో ఆమెకూ వాటా ఉంటది. ఈ కథలో అసలు మనిషి కూడా ఒక రాజమాతే.

1875లో మ్బన్‌జేని రాజయ్యాడు. ఆయన కాలంలోనే గొర్రెల మేత కోసం బోయర్లు, బంగారం కోసం ఇంకా చాలామంది తెల్లవాళ్లు వచ్చిపడ్డారు. వచ్చినోడల్లా ఒక కాగితం తెచ్చి సంతకం అడిగేవాడు. వాటిని కన్సెషన్లు అంటారు. చదువు రాని రాజు వందల కాగితాలు ఒప్పుకున్నాడు. స్వాజీల పద్ధతిలో భూమి అమ్మేది కాదు, వాడుకోమని ఇచ్చేది. అడిగినోడికి మేతకు చోటు చూపిస్తే నేల అతనిదైపోదు. కాగితంలో మాత్రం వేరేగా రాసుకున్నారు. ఒకే నేల మీద మేత హక్కు ఒకరికి, గనుల హక్కు ఇంకొకరికి. చివరికి వ్యాపారాలు, పన్ను వసూలు కూడా రాయించుకున్నారు. 1889లో ఆయన చనిపోయేనాటికి దేశంలో కాగితం పడని జాగా దాదాపు మిగల్లేదు.

బోయర్ యుద్ధం తర్వాత దేశం బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. 1907లో వాళ్లు చేసిన "న్యాయం" ఏంటంటే, ప్రతి కన్సెషన్ నుంచి మూడో వంతు కోసి స్వాజీలకు ఇవ్వడం, మిగతాది తెల్లవాళ్లకు ఖాయం చేయడం. సొంత దేశంలో మూడో వంతు, అదీ ముక్కలు ముక్కలుగా. బయట మిగిలిన కుటుంబాలకు గడువిచ్చారు. ఆ తర్వాత లేచిపోవాలి, లేదా భూస్వామి షరతులకు ఒప్పుకొని అక్కడే పనిచేస్తూ ఉండాలి. మన ఏజెన్సీలో 1917 చట్టం నుంచి 1/70 దాకా ఎందుకు అవసరమయ్యాయో తెలిసినోళ్లకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పుడు రాజ్యం నడుపుతున్నది లబోత్సిబేని. కొడుకు భును 1899లో చనిపోయాడు, మనవడు సోభుజా అప్పటికి నెలల పిల్లాడు. ఈ ముసలావిడ రెండు పనులు చేసింది. ఒకటి, మగవాళ్ల దగ్గర చందా వసూలు చేసి తెల్లవాళ్ల నుంచి భూమి తిరిగి కొనడం మొదలుపెట్టింది. ఆ డబ్బులో చాలా భాగం జొహానెస్‌బర్గ్ బంగారు గనుల్లో దిగిన కుర్రాళ్ల కూలి. ఒక్కసారి ఆలోచించండి, పోయిన సొంత భూమిని కొనడానికి పరాయి గనిలో కూలి! రెండోది, మనవడిని బడికి పంపింది. జొంబోద్జేలో బడి పెట్టించి, తర్వాత దక్షిణాఫ్రికాలోని లవ్‌డేల్‌కు పంపింది. కాగితం చదవలేక పోయిన దేశానికి కాగితం చదివే రాజు కావాలని ఆవిడకు అర్థమైందని నేననుకుంటా.

1921లో సోభుజా II గద్దెనెక్కాడు. లండన్ దాకా వెళ్లి అడిగాడు. కేసు వేశాడు. 1926లో ప్రివీ కౌన్సిల్ తీర్పు వ్యతిరేకంగా వచ్చింది: బ్రిటిష్ రాచరికం తన అధికారంతో చేసినదాన్ని కోర్టు ప్రశ్నించదంట. అయినా కొనుగోళ్లు ఆగలేదు. 1968 సెప్టెంబర్ 6న స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగానికి పైగా భూమి మళ్లీ స్వాజీల చేతుల్లోకి వచ్చింది. ఇక్కడిదాకా చదివితే రోమాలు నిక్కబొడుస్తయి, నాకైతే అట్లనే అనిపించింది.

కానీ కథ ఇక్కడ అయిపోలేదు.

1972 ఎన్నికల్లో ప్రతిపక్షం మూడు సీట్లు గెలిచింది, అదీ చెరకు కూలీలున్న ప్రాంతంలో. గెలిచిన ముగ్గురిలో ఒకాయన అసలు ఈ దేశ పౌరుడే కాదని పంపించేశారు. కోర్టు ఆయన పక్షాన నిలిచింది. 1973 ఏప్రిల్ 12న సోభుజా రాజ్యాంగాన్నే రద్దు చేసి, పార్టీలను నిషేధించాడు. ఇప్పటి రాజు, ఆయన కొడుకు మ్స్వాతి III, 1986లో గద్దెనెక్కాడు. 2005లో కొత్త రాజ్యాంగం వచ్చినా పార్టీలు ఎన్నికల్లో పోటీ చేయలేవు. టింఖుండ్లా అనే స్థానిక నియోజకవర్గాల నుంచి మనుషులు విడివిడిగా నిలబడాలి. ప్రధానమంత్రిని రాజే పెడతాడు.

ఆర్థికం సంగతికొస్తే, పల్లపు మైదానంలో నీళ్లు పెట్టి పండించే చెరకు, దాని చక్కెర, కూల్ డ్రింకుల్లో కలిపే గాఢద్రవం, అడవి కలప ముఖ్యం. దక్షిణాఫ్రికాతో కలిసి పంచుకునే కస్టమ్స్ ఆదాయం మీద ప్రభుత్వం బాగా ఆధారపడుతుంది. వాళ్ల డబ్బు లిలాంగెని విలువ రాండ్‌తో సమానం. జాతి పేరుతో 1968లో పెట్టిన టిబియో అనే నిధికి చక్కెర కంపెనీల్లో వాటాలున్నాయి. దాన్ని నడిపేది రాజు, పార్లమెంటు కాదు. ఎక్కువమంది పల్లెవాళ్లు మాత్రం వాన మీద మొక్కజొన్న వేసుకొని, పశువులు మేపుకొని బతుకుతారు.

ఆ పల్లెల భూమిని స్వాజీ నేషన్ ల్యాండ్ అంటారు. జాతి తరఫున రాజు పేరు మీద ఉంటుంది. కుటుంబం ముఖ్యుడి దగ్గరికెళ్లి, విధేయత చెప్పి చోటు అడగాలి, దీన్ని కుఖొంతా అంటారు. ఇందులో మంచి లేదనను. ఆ భూమి అమ్మడానికి ఉండదు కాబట్టి ఏ షావుకారూ రాయించుకోలేడు. మ్బన్‌జేని నాటి దెబ్బ తిన్నోళ్లకు అది చిన్న రక్షణేం కాదు. కానీ కుటుంబం చేతిలో హక్కు పత్రం ఉండదు. ఆడవాళ్లైతే చాలాకాలం భర్త పేరునో కొడుకు పేరునో అడగాల్సి వచ్చేది.

2000లో ఏమైందో చూడండి. మకెత్జేని, కమ్ఖ్వేలి అనే రెండు చోట్ల జనం తమ ముఖ్యులను వదిలి, రాజుగారి అన్నదమ్ముల్లో ఒకరైన మగుగాను ఒప్పుకోమంటే కుదరదన్నారు. ఇళ్లలోంచి బలవంతంగా ఎత్తి బయట పడేశారు. కొందరు సరిహద్దు దాటి దక్షిణాఫ్రికాకు పోయారు. వాళ్లు కోర్టుకెళ్లారు. 2002లో అప్పీలు కోర్టు వాళ్లను ఇళ్లకు రానివ్వమంది. ప్రభుత్వం ఆ తీర్పును మేం పాటించం అని బహిరంగంగానే ప్రకటించింది. అప్పీలు కోర్టు జడ్జిలంతా రాజీనామా చేసి వెళ్లిపోయారు.