గోషామహల్‌ పోలీసులు, అజీజ్‌నగర్‌ కుర్రాళ్లు

2026 జూన్‌ 11, గురువారం. మెక్సికో సిటీలో ఫుట్‌బాల్‌ ప్రపంచకప్పుకు ఆరంభం. ఈసారి ఏకంగా 48 దేశాలు ఆడుతున్నాయి. అంతమందిలోనూ మనం లేం. "మన దగ్గరి ఫుట్‌బాల్‌ మీద ఏదైనా రాయండి సార్‌, ఈ ఆదివారానికే కావాలి" అని ఎడిటర్‌ గారు ఫోన్‌ చేసినప్పుడు నాకు తట్టింది మరో జూన్‌ 11. 1963లో అదే తారీఖున హైదరాబాద్‌లో సయ్యద్‌ అబ్దుల్‌ రహీం కన్నుమూశారు. 2024లో ‘మైదాన్‌’ సినిమా వచ్చేదాకా ఆ పేరు మన పిల్లల్లో చాలామందికి తెలియదు. సినిమా ఆయన్ని దేశానికి కోచ్‌గా చూపించింది. న్యాయమే. నాకు మాత్రం ఆయన ముందుగా ఒక క్లబ్బు మనిషి. ఆ క్లబ్బు పేరు హైదరాబాద్‌ సిటీ పోలీస్‌.

ఓరుగల్లు వాడు ఏ చరిత్ర ఎత్తుకున్నా కాకతీయుల దగ్గరే మొదలుపెట్టాలన్నది మా దగ్గర రాయని చట్టం. కాబట్టి ఆ మొక్కు తీర్చేస్తాను. ఆనాటి ఓరుగల్లు వీధుల్ని కళ్లకు కట్టే ‘క్రీడాభిరామం’లో కోడిపందేలున్నాయి, పొట్టేళ్ల పోట్లాటలున్నాయి. కాలితో తన్నే బంతి ఊసు మాత్రం నాకు కనబడలేదు. అక్కణ్నుంచి ఒక్క గెంతులో 1687కు వద్దాం. గోల్కొండను గెలిచిన ఔరంగజేబు సైన్యం విడిది చేసిన చోటు ఫతే మైదాన్‌ అయింది. ఇంకో గెంతులో 1806. మూడో నిజాం సికందర్‌ జా పేరు మీద సికింద్రాబాద్‌ వెలిసింది, దండు వచ్చింది, దండుతో పాటు తెల్ల సిపాయిలు, వాళ్లతో పాటు తోలుబంతి వచ్చాయి. సిమ్లాలో డ్యూరాండ్‌ కప్పు 1888లో, బొంబాయిలో రోవర్స్‌ కప్పు 1891లో పుట్టాయి. చాలా ఏళ్లు ఆ కప్పుల్ని తెల్ల పటాలాలే పంచుకున్నాయి. రోవర్స్‌ కప్పు ఒక భారతీయ జట్టు చేతికి రావడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. అది బెంగళూరు ముస్లిమ్స్‌. ఇక గెంతులు చాలు, ఇక్కడ కూర్చుందాం.

1950. అప్పటికి పోలీస్‌ యాక్షన్‌ జరిగి రెండేళ్లు. హైదరాబాద్‌ రాజ్యం పోయింది, రాష్ట్రం ఇంకా కుదురుకోలేదు. ఆ గాయాలు పచ్చిగానే ఉన్నాయి. అటువంటి రోజుల్లో గోషామహల్‌ పోలీస్‌ మైదానంలో సాధన చేసే ఒక జట్టు రైలెక్కి బొంబాయి వెళ్లింది. కూపరేజ్‌ మైదానంలో రోవర్స్‌ కప్పు గెలిచింది. ఇది రెండో పోలీస్‌ యాక్షన్‌ అనుకోండి, కాకపోతే ఈసారి హైదరాబాద్‌ వాళ్లే దండెత్తారు. అదే సీజన్‌లో ఢిల్లీలో డ్యూరాండ్‌ ఫైనల్‌. ఎదురుగా ఉన్నది కలకత్తా మోహన్‌ బగాన్‌, 1911లో ఉత్త కాళ్లతో ఆడి తెల్లవాళ్ల జట్టును ఓడించిన చరిత్ర గల క్లబ్బు. మొదటి రోజు 1-1. మళ్లీ ఆడించారు. 1-0తో పోలీసులదే కప్పు.

అక్కడితో ఆగి ఉంటే అదృష్టం అనేవాళ్లు. 1951లో రోవర్స్‌ మళ్లీ వీళ్లదే. 1952, 1953, 1954లోనూ అంతే. వరసగా ఐదేళ్లు బొంబాయి వాళ్లు కప్పును తుడిచి పెట్టడం, వీళ్లు వెళ్లి తెచ్చుకోవడం.

ఈ జట్టులో ఎవరున్నారో చూస్తే ఆనాటి జంటనగరాలే కనిపిస్తాయి. పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లు, సికింద్రాబాద్‌ దండు ప్రాంతపు క్రైస్తవులు, అరవం మాట్లాడే ఇళ్ల పిల్లలు. నూర్‌ మహమ్మద్‌, అజీజుద్దీన్‌, మొయినుద్దీన్‌ లాంటి పేర్లు అప్పట్లో ఇరానీ హోటళ్లలో చాయ్‌తో పాటు నడిచేవి. ఆటగాడికి పోలీసు ఉద్యోగం దొరికేది, నెల తిరిగితే జీతం వచ్చేది. కాబట్టి ఇంట్లో తిట్లు తప్పేవి. యజమాని లేడు, వేలంపాట లేదు. సర్కారు కొలువే ఆ క్లబ్బుకు పునాది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక రహీం సాబ్‌. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఆడారు. ఆపైన వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్‌ లాంటి చోట్ల పాఠాలు చెప్పినవాడు. నా లెక్కలో ఆయన గొప్పతనమంతా ఆ బడిపంతులుతనంలోనే ఉంది. బడిపంతులుకు తెలిసింది ఒకటుంది: బాగా వచ్చిన లెక్కనే పిల్లాడు పదేపదే చేసి చూపిస్తాడు, రాని లెక్క దగ్గరికి పోడు. అందుకే రహీం రెండు విచిత్రమైన పోటీలు పెట్టించారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్‌ నిషేధం. బంతి అందగానే ఇంకొకడికి ఇచ్చేయాలి, ఒంటరిగా నలుగురిని తప్పించుకుంటూ పోయే షోకు చెల్లదు. రెండోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వీరుడు ఎడమకాలితో తన్నబోయి వెల్లకిలా పడితే గట్టు మీద జనం నవ్వుతారు. నవ్వనీ. ఒక సీజన్‌ నవ్వించుకున్నాక ఆ కాలు మాట వింటుంది. ప్రత్యర్థికి మాత్రం వీడు ఎటు తిరుగుతాడో అంతుపట్టదు.

1953లో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసింది. ముందుండి గోల్‌ కొట్టాల్సిన సెంటర్‌ ఫార్వర్డ్‌ను కావాలని వెనక్కి లాగి ఆడించడం వాళ్ల కిటుకు. టీవీ లేని దేశంలో, స్కూలు జీతంతో బతికే మాస్టారు ఆ కిటుకును పట్టుకుని 1956 నాటికి మన జాతీయ జట్టుతో ఆడించారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన కన్ను ఎటువంటిదో చెప్పడానికి తులసీదాస్‌ బలరాం ఒక్కడు చాలు. సికింద్రాబాద్‌ అవతల అమ్ముగూడలో పేదింటి పిల్లాడు. పోలీసులు పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడితో ఫుట్‌బాల్‌ బూట్లుగా కుట్టించుకున్నవాడు. రహీం చూసి సాధనకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కు రోజూ రావాలంటే డబ్బులేవి? అద్దె సైకిలుకు పైసలు రహీమే ఇచ్చారు. ఆ సైకిలు కుర్రాడు 20 ఏళ్ల వయసులో మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఆ 1956 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనం నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్‌ ఫుట్‌బాల్‌లో మనం అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ జట్టులో నూర్‌, అజీజుద్దీన్‌, అహ్మద్‌ హుస్సేన్‌, జుల్ఫికరుద్దీన్‌, పీటర్‌ తంగరాజ్‌, ఇలా ఎటు చూసినా హైదరాబాదే.

1962 సెప్టెంబర్‌ 4, జకార్తా. ఆసియా క్రీడల ఫైనల్‌. ఇజ్రాయెల్‌, తైవాన్‌ జట్లను రానివ్వకపోవడంపై మన క్రీడాధికారి ఒకరు నోరు విప్పినందుకు ఇండోనేషియా జనం మన మీద కారాలు మిరియాలు నూరుతున్నారు. స్టేడియంలో లక్ష మంది, అందరూ మనకు ఎదురే. మన తరఫున అరిచింది ఎవరంటారా? పాకిస్తాన్‌ హాకీ జట్టు. తల మీద కుట్లతో ఉన్న డిఫెండర్‌ జర్నైల్‌ సింగ్‌ను రహీం ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్‌ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్‌ తిరుగుతోంది. తొమ్మిది నెలల్లో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

క్లబ్బు సంగతి? రాష్ట్రం మారాక ఆంధ్రా పోలీస్‌ అన్న పేరుతో 1961లో డ్యూరాండ్‌ గెలిచింది. మొత్తం నాలుగు డ్యూరాండ్‌లు, తొమ్మిది రోవర్స్‌లు. రహీం పోయిన ఏడాది గెలిచిన రోవర్స్‌ కప్పే ఆఖరిది.

ఆ తర్వాతి మూడు నాలుగు దశాబ్దాలను ఒక్క పేరాలో దాటేస్తున్నాను, ఎందుకంటే ఆ కాలపు హైదరాబాద్‌ ఫుట్‌బాల్‌ చరిత్ర కలకత్తాలో జరిగింది. నయీముద్దీన్‌, హబీబ్‌, అక్బర్‌, షబ్బీర్‌ అలీ, విక్టర్‌ అమల్‌రాజ్‌, అందరూ అక్కడే వెలిగారు. మహమ్మద్‌ హబీబ్‌ను ‘బడే మియా’ అని కలకత్తా నెత్తిన పెట్టుకుంది. కొలువులు వద్దని ఆటనే నమ్ముకున్న ఆయన్ని దేశపు తొలి ప్రొఫెషనల్‌ అంటారు. 1977లో ఈడెన్‌ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్‌ జట్టు మీద మోహన్‌ బగాన్‌ తరఫున గోల్‌ కొట్టారు. ఇక్కడేమో ఫతే మైదాన్‌ 1967లో లాల్‌ బహదూర్‌ స్టేడియం అయింది. అందులో క్రికెట్‌ ఆడారు. 1983లో ఎన్టీఆర్‌, 2004లో వైఎస్‌, 2023లో రేవంత్‌ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేశారు. ఫుట్‌బాల్‌కు మిగిలిన రోజులు మీరే లెక్కేసుకోండి.

ఇక ఈ కాలం. ఇక్కడే కథ చేజారుతుంది.

2015లో శ్రీనిధి విద్యాసంస్థల వాళ్లు ఒక అకాడమీ పెట్టారు. అదే ఏడాది ఫతే హైదరాబాద్‌ అని ఇంకో క్లబ్బు మొదలై, రెండో డివిజన్‌లో ఆడి, కనుమరుగైంది. 2019లో పుణెలో మూతపడ్డ జట్టు స్థానంలో హైదరాబాద్‌ ఎఫ్‌సీ పుట్టి నేరుగా ఇండియన్‌ సూపర్‌ లీగ్‌లో అడుగుపెట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్‌ అయింది. కోవిడ్‌ పుణ్యమా అని ఆ సీజన్‌ మొత్తంలో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్‌ ఆడలేదు. సొంతూరు చూడకుండానే కప్పు గెలిచిన జట్టది. రెండేళ్లు తిరిగేసరికి జీతాల్లేక ఆటగాళ్లు వెళ్లిపోయారు, ఆపైన యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్‌ క్లబ్‌ ఢిల్లీ అయింది. మనకే ఇలా జరిగిందని బాధపడక్కర్లేదు. చైనాలో 2020 ఛాంపియన్‌ జియాంగ్సు జట్టు గెలిచిన మూడున్నర నెలలకే మూతపడింది. ఎనిమిది సార్లు గెలిచిన గ్వాంగ్‌జౌ 2025 జనవరిలో లేకుండా పోయింది. బడా కంపెనీల డబ్బుతో లేచినవి, వాటి అప్పులతోనే కూలాయి. గోషామహల్‌ జట్టుకున్న సర్కారు కొలువు పునాది వీటికి లేదు.

శ్రీనిధి డెక్కన్‌ది ఇంకో దారి. 2020లో విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌కు అనుమతి తెచ్చుకుని, హైదరాబాద్‌ చేరింది. రాష్ట్రం విడిపోయాక పంపకాల పేచీ లేకుండా అటు నుంచి ఇటు వచ్చింది బహుశా ఇదొక్కటే. ఐ-లీగ్‌ అంటే అప్పట్లో సూపర్‌ లీగ్‌ కింది మెట్టు. 2021-22లో మూడో స్థానం. ఆ మరుసటి సీజన్‌ నుంచి గెలిచిన జట్టును పై మెట్టుకు పంపుతామన్నారు. అలా పంపిన మొదటి రెండేళ్లూ శ్రీనిధికి రెండో స్థానమే దక్కింది. ఒకసారి పంజాబ్‌, ఒకసారి కలకత్తా మహమ్మడన్‌ పైకి వెళ్లాయి. మొయినాబాద్‌ దారిలోని అజీజ్‌నగర్‌లో, డెక్కన్‌ ఎరీనా అనే చిన్న మైదానంలో ఈ కుర్రాళ్లు ఆడుతుంటారు. కప్పు లేదు, సినిమా లేదు. కానీ బడి పెట్టుకున్న క్లబ్బు, బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోగల క్లబ్బు. నన్నడిగితే రహీం సాబ్‌ వారసత్వానికి గచ్చిబౌలిలో వెలిగి ఆరిన జట్టు కంటే ఇదే దగ్గర.

అయినా ఒక్క క్లబ్బుతో రాష్ట్రం ఆడదు. నిజామాబాద్‌ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య దేశపు జెర్సీ వేసుకుంది, ఈస్ట్‌ బెంగాల్‌కు ఆడింది. అంటే ఇప్పటికీ కలకత్తా రైలెక్కాల్సిందే. హనుమకొండ పిల్లాడికి దగ్గరి ప్రొఫెషనల్‌ క్లబ్బు నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. అద్దె సైకిలు సరిపోదు.

వరంగల్‌లో వ్యాయామ ఉపాధ్యాయులకు, కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో పొద్దున్నే బంతి ఆడే పెద్దలకు నాదొక మనవి. ఆగస్టు 17 రహీం పుట్టినరోజు. ఆ రోజు హనుమకొండ జవహర్‌లాల్‌ నెహ్రూ స్టేడియంలో స్కూలు పిల్లలకు వాటం లేని కాలి పోటీ పెట్టండి. కావలసింది ఒక బంతి, ఒక విజిలు, కాసింత నవ్వించుకునే ధైర్యం. కప్పు నేను కొనిస్తాను.