నొప్పిలేని గడ్డ

రేణిగుంట నుండి పుత్తూరునకు పోవు దారిలో వడమాలపేట కలదు. ఎముక విరిగినవారు ఎంతెంతో దూరము నుండి ఈ దారినే పుత్తూరు కట్టు కొరకు వచ్చుచుందురు. విరిగిన ఎముక నొప్పి పెట్టును. ఆ నొప్పియే మనిషిని బండి ఎక్కించును. రొమ్ములో పుట్టిన క్యాన్సరు గడ్డకు మొదట చాలమందిలో నొప్పి ఉండదు. కనుకనే నడివయసు ఇల్లాలు పంట ఇంటికి వచ్చిన తరువాత చూచుకొందమని, బిడ్డ పెండ్లి అయిన తరువాత చూచుకొందమని దినములు గడపును. ఈ వ్యాధి చరిత్ర చాలవరకు ఆ ఆలస్యము యొక్క చరిత్రయే.

1804 అక్టోబరు 13న జపానులో హనఓకా సేయిషూ అను వైద్యుడు, తాను మూలికలతో కూర్చిన మత్తుమందు త్రాగించి, 60 ఏండ్ల స్త్రీ రొమ్ములోని గడ్డను కోసి తీసినాడు. పాశ్చాత్యులు ఈథరు మత్తును బహిరంగముగా చూపినది 1846లో గదా! అంతటి నేర్పరి చేతిలో పడియు ఆమె కొలది మాసములకే మరణించినది. 1894 నాటికి అమెరికాలో హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు ఎదకండరములను, చంకలోని గ్రంథులను కూడ తీసివేయు పద్ధతిని ప్రచారము చేసినాడు. దాదాపు ముప్పాతిక శతాబ్దము అదియే రాజ్యమేలినది. 1970 తరువాత ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ జరిపిన పరీక్షలవలన, చిన్న గడ్డయైనచో దానిని మాత్రమే తీసి కిరణచికిత్స చేసినను ప్రాణరక్షణకు లోటు లేదని తేలినది. ముందు వచ్చినవారికి ప్రాణమే కాదు, రొమ్ము కూడ దక్కును.

మన ప్రాంతమువారికి చిరకాలము మద్రాసే దిక్కు. క్యాన్సరుతో చెల్లెలిని పోగొట్టుకొన్న డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదలతో అడయారులో క్యాన్సరు సంస్థ 1954 జూన్ 18న 12 పడకలతో ఆరంభమైనది. మరుసటి యేట చేరిన డాక్టరు శాంత 2021లో కన్నుమూయువరకు దానినే అంటిపెట్టుకొని ఉన్నారు.

అయితే పల్లెకు పనికివచ్చు పాఠము బొంబాయి నుండి వచ్చినది. 1998లో టాటా స్మారక ఆసుపత్రివారు అచ్చటి పేదవాడలలో 35 నుండి 64 ఏండ్ల వయసుగల 1,51,538 మంది స్త్రీలను రెండు జట్లుగా తీసికొనిరి. ఒక జట్టునకు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త్రులు రెండేండ్లకొకమారు చేతితో రొమ్ము పరీక్ష చేసిరి. ఖరీదైన యంత్రము లేదు. 2021లో ఫలితములు వెలువడినవి. అన్ని వయసులను కలిపి చూచినచో మరణములలో తగ్గుదల నిశ్చయముగా చెప్పదగినంత లేదు. 50 దాటినవారిలో మాత్రము రొమ్ము క్యాన్సరు మరణములు సుమారు 30 శాతము తగ్గినవి. నెలసరి ఆగినది కదా, ఇక స్త్రీరోగములతో పని యేమి అనుకొను వయసే అది!

రొమ్ములోగాని చంకలోగాని కొత్తగా గడ్డ తగులుట, చనుమొన లోనికి లాగుకొనుట, నెత్తురు స్రవించుట, చర్మము సొట్టపడుట లేక బత్తాయి తొక్కవలె మారుట — వీనిలో ఏది కనబడినను వైద్యునకు చూపవలెను. గడ్డలలో పెక్కు క్యాన్సరు కావు; ఆ మాట మాత్రము వైద్యుడే పరీక్షించి చెప్పవలెను, పొరుగింటి పెద్దమ్మ కాదు.

ఇప్పుడు వడమాలపేటవారు మద్రాసు దాక పోనక్కరలేదు. తిరుపతిలో 1993 నుండి స్విమ్స్ ఉన్నది. 2022లో టాటా ట్రస్టువారి క్యాన్సరు ఆసుపత్రియు తెరవబడినది. 30 నిండిన స్త్రీలకు ఐదేండ్లకొకమారు రొమ్ము పరీక్ష చేయవలెనని 2016 నాటి ప్రభుత్వ మార్గదర్శకములు చెప్పుచున్నవి. అందులకు పల్లె ఆరోగ్య కేంద్రములో కావలసినది శిక్షణ పొందిన ఒక నర్సు, ఒక బల్ల, లోపల గడియ పడు ఒక గది. ఆ గడియ లేనిచోట మన స్త్రీలు రవిక ముడి విప్పరు. వారిని తప్పుపట్టుటకును లేదు.