గండిపేట నీళ్లు ఎక్కడ పుడతాయి?

హైదరాబాద్ నుంచి శంకర్‌పల్లి రోడ్డు పట్టుకుని పోతుంటే జన్వాడ దాటాక దొంతన్‌పల్లి వస్తుంది. గట్టి వాన కొట్టిన మర్నాడు ఆ దారిలో ఏ కల్వర్టు దగ్గరైనా ఆగి కిందికి చూడండి. చెలకల్లోంచి వచ్చిన ఎర్రనీళ్లు గడ్డిపరకల్నీ, ఎండిన పెండనూ, గట్టు మీద పారేసిన పురుగుమందు ప్యాకెట్లనూ తోసుకుంటూ పోతుంటాయి. ఆ వైపు నేలవాలు మూసీ మీదికి. మూసీ వచ్చి చేరేది ఉస్మాన్‌సాగర్‌లోకి, జనం నోట గండిపేట చెరువులోకి. గండిపేట నీళ్లు ఒక్కసారి తాగినవాడు పట్నం విడిచి పోలేడని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ మాటలోని నీళ్లూ ఈ కల్వర్టు కింది నీళ్లూ ఒకటే.

ఈ ప్రాంతం నీళ్లు పట్నానికి పోవడం గండిపేటతో మొదలైందీ కాదు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టినప్పుడు, దాన్ని నింపడానికి మూసీ నుంచి కాలువ తవ్వారు. శంకర్‌పల్లి దగ్గరి బుల్కాపూర్ పేరు మీద దాన్ని బుల్కాపూర్ నాలా అంటారు. పంపులు లేని రోజుల్లో నేలవాలును పట్టి అంత దూరం నీళ్లు నడిపించారంటే ఆ కొలత తెలిసినవాళ్లకు దండం పెట్టాలి. ఇప్పుడా నాలా పట్నంలో చాలాచోట్ల మురుగు మోస్తోంది.

గండిపేట మాత్రం కేవలం తాగునీటి కోసం పుట్టలేదు. భయంలోంచి పుట్టింది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. నది ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఒక చెరువు కట్ట తెగితే దాని నీళ్లు దిగువ చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువుల బలమే ఆ రాత్రి శాపమైంది. దాదాపు 15 వేల మంది పోయారని లెక్క. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది.

మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం పిలుపు మీద 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, పట్నానికి ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒకటి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, ఇంకోటి ఆయన కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు. ఇక్కడో చిక్కుముడి ఉంది. వరదను ఆపే చెరువు వానాకాలంలో ఖాళీగా ఉండాలి. తాగునీటి చెరువు నిండుగా ఉండాలి. ఒకే గిన్నెకు రెండు ఎదురెదురు పనులు. అందుకే ఈ రెండింటి తూముల దగ్గర కూర్చున్నవాళ్లకు ప్రతి వానాకాలం పరీక్షే.

గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ దాకా రాతికట్టుబడి కాలువ వేశారు. 14 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒక్క మోటారు లేదు, నీళ్లు తమ బరువుతో తామే నడిచొస్తాయి. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటు పెట్టి కృష్ణా నీళ్లు ఎత్తి తెచ్చుకుంటున్న నగరానికి ఈ సంగతి గుర్తుండాలి.

ఆసిఫ్‌నగర్‌లో వడపోత. ఫిల్టర్ బెడ్డు అంటే పైకి చూస్తే ఇసుక తొట్టి. అడుగున గులకరాళ్లు, పైన మీటరు మందాన సన్నటి ఇసుక. లండన్‌లో జేమ్స్ సింప్సన్ 1829లో థేమ్స్ నీటికి ఈ పద్ధతి పెద్ద ఎత్తున వాడాడు. సూక్ష్మజీవులే రోగాలు తెస్తాయని అప్పటికి తెలియదు. మట్టి ఆగితే చాలనుకున్నారు. అసలు పని చేసేది ఇసుక కాదని తర్వాత తెలిసింది. నెమ్మది వడపోతలో నీళ్లు గంటకు జానెడు లోతు కూడా దిగవు. అలా కొన్ని రోజులు పారితే ఇసుక మీద చెయ్యి పెడితే జారే జిగురుపొర ఒకటి పేరుకుంటుంది. నాచు, బాక్టీరియా, వాటిని తిని బతికే ఏకకణ జీవులు అందులో కాపురం ఉంటాయి. పైనుంచి వచ్చే రోగకారక క్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి, అక్కడే తినబడతాయి. కడిగి మెరిసేలా ఉంచిన కొత్త ఇసుక కన్నా జిగురు పట్టిన పాత ఇసుకే బాగా వడకడుతుంది. సూక్ష్మజీవి అనగానే శత్రువని అనుకునేవాళ్లకు నేను ముందు ఈ పొర గురించే చెబుతాను.

ఈ పొర విలువ ప్రపంచానికి 1892లో తెలిసొచ్చింది. జర్మనీలో హాంబర్గ్, ఆల్టోనా పక్కపక్క ఊళ్లు, రెండూ తాగేది ఎల్బే నది నీళ్లే. ఆల్టోనా వడకట్టి తాగేది, హాంబర్గ్ అలాగే తాగేది. ఆ ఏడు కలరా వచ్చి హాంబర్గ్‌లో 8,600 మంది చనిపోయారు. ఆల్టోనా చాలావరకు తప్పించుకుంది. రెండు ఊళ్ల సరిహద్దు వీధిలో సైతం తేడా కనిపించిందని అప్పటి వైద్యులు గుర్తించారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే రాబర్ట్ కాక్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని పట్టి చూపించాడు. చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లు స్నానానికీ, బట్టలుతకడానికీ, తాగడానికీ ఆ చెరువే వాడేవారు.

ఇసుక ఎంత చేసినా కొన్ని క్రిములు జారిపోతాయి. వాటి పని పట్టింది క్లోరిన్. మూసీ వరదకు సరిగ్గా రెండు రోజుల ముందు, 1908 సెప్టెంబరు 26న, అమెరికాలో జెర్సీ సిటీకి నీళ్లిచ్చే బూంటన్ జలాశయం దగ్గర డాక్టర్ జాన్ లీల్ రోజూ నాలుగు కోట్ల గ్యాలన్ల నీటికి క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు. వాడింది మన పంచాయతీవాళ్లు బావిలో చల్లే బ్లీచింగ్ పౌడర్ లాంటిదే. నీళ్ల నాణ్యత మీద అప్పటికే కోర్టులో నడుస్తున్న గొడవలోకి ఈ పనీ వచ్చి చేరింది. కోర్టు ఆయన పక్షానే నిలిచింది. ఒక ఊరు నీళ్లలో కొట్టుకుపోతున్న వారంలోనే ఇంకో ఊళ్లో నీళ్లను మచ్చిక చేసే పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

క్లోరిన్ నీటిలో కరిగి హైపోక్లోరస్ ఆమ్లమవుతుంది. అది క్రిమి గోడ దాటి లోపలికి పోయి దాని ఎంజైములను చెడగొడుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం నల్లా దగ్గరికి వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో పైపు పగిలి మురుగు కలిసినా ఆ మిగిలిందే కాపలా. నల్లా నీళ్లలో వచ్చే ఆ ఘాటు వాసన చాలామందికి నచ్చదు. నాకు మాత్రం ఆ వాసన వచ్చిన రోజే ధైర్యం.

నీళ్లలో పేగు క్రిములు ఉన్నాయా లేవా అని పెద్ద ప్రయోగశాల లేకుండా చూసుకునే తోవ ఒకటి మన దేశంలోనే పుట్టింది. 1982లో మాంజా, మౌర్య, రావు అనే శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో దాన్ని వివరించారు. చిన్న గాజుసీసా, లోపల మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి, వెచ్చటి చోట పెట్టి పడుకోవాలి. మలంతో పాటు వచ్చే బాక్టీరియాలో కొన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాసనను, వదులుతాయి. అది కాగితంలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. తెల్లారి లేచి చూస్తే నీళ్లు ముందులాగే ఉన్నాయా, కాటుకలా మారాయా అన్నది బడిపిల్లలు కూడా చెప్పగలరు. ముందురోజు తేటగా మెరిసిన నీళ్లే నల్లగా మారడం కళ్లారా చూసినవాళ్లు మళ్లీ తేటదనాన్ని నమ్మరు.

అయితే ఈ సీసాకు తెలియనివి చాలా ఉన్నాయి. పొలంలో చల్లిన యూరియాలో మొక్క తీసుకోగా మిగిలింది నైట్రేట్‌గా మారి వాననీటితో దిగుతుంది. అది ఇసుకలో ఆగదు, క్లోరిన్‌కు లొంగదు. మరగబెడితే పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. పాలపొడిని అలాంటి నీళ్లలో కలిపి పట్టిస్తే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలం తిరుగుతుందని అమెరికాలోని అయోవాలో కామ్లీ అనే వైద్యుడు 1945లోనే రాశాడు. ఫాస్ఫరస్ దిగితే చెరువులో నాచు పెరుగుతుంది. నాచు కుళ్లిన నీళ్లలో క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్లు అనే కొత్త రసాయనాలు పుడతాయి. రాటర్‌డామ్ నీటి రసాయనవేత్త యోహానెస్ రూక్ 1974లో ఆ సంగతి బయటపెట్టాడు. అంటే చెరువులోకి వచ్చే నీళ్లు ఎంత మురికైతే దాన్ని శుద్ధి చేసే మందు అంత చేటు చేస్తుంది. వడపోత మొదలయ్యేది ఆసిఫ్‌నగర్‌లో కాదు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి పొలాల్లో.

ఈ మాట ప్రభుత్వానికి తట్టడానికి హుస్సేన్‌సాగర్ చావాల్సి వచ్చింది. ఒకప్పటి తాగునీటి చెరువులోకి కూకట్‌పల్లి నాలా గుండా జీడిమెట్ల, బాలానగర్ వైపు నుంచి ఫ్యాక్టరీ నీళ్లూ మురుగూ దిగి దాని గతి ఏమైందో అందరూ చూశారు. గండిపేటకు ఆ గతి పట్టకూడదని 1994లో ఒక ఉత్తర్వు, 1996 మార్చి 8న జీవో 111 వచ్చాయి. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. 84 గ్రామాలు, 1,32,600 ఎకరాలు ఆ గీత లోపలికి వచ్చాయి.

గీత గట్టిదో కాదో తేలింది సుప్రీంకోర్టులో. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రసాయనాలు తీసే కంపెనీ పెడతామంటే కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు, అప్పీలులో అనుమతి దొరికింది. 1999లో, మళ్లీ 2000లో ఆ కేసు విన్న ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు ఉన్నారు. హాని జరుగుతుందని ఊరివాళ్లు నిరూపించాల్సిన పని లేదు, జరగదని కంపెనీయే నిరూపించాలి అని తీర్పు. ఆ అనుమతి రద్దయింది. ముందుజాగ్రత్త సూత్రం మన న్యాయశాస్త్రంలో వేళ్లూనుకున్న తీర్పుల్లో ఇదొకటి. లా విద్యార్థులు దేశమంతా చదివే ఆ కేసు మన చెరువు నీళ్లది.

2022 ఏప్రిల్ 12న జీవో 69తో ఆంక్షలు సడలించారు. నగర అవసరాల్లో ఈ జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదన్నది చెప్పిన కారణం. 2023 మేలో జీవో 111ను పూర్తిగా తీసేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది. వాటా తక్కువ కాబట్టి చెరువు అక్కర్లేదనడం నా లెక్కలో తప్పు. మోటారు అక్కర్లేని నీళ్లు, ఊరి పక్కన నీళ్లు, వరదకు అడ్డు నిలిచే గోతులు ఇంకెక్కడ దొరుకుతాయి?

కానీ రైతు మాటా వినాలి. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే మొయినాబాద్‌లో గులాబీలు, చేవెళ్లలో కూరగాయలు పండించే మనిషికి తన నేల మీద తనకే హక్కు లేదనిపిస్తే ఆ కోపం అన్యాయం కాదు. పట్నం నీళ్లు తేటగా ఉండడానికయ్యే ఖర్చు పాతికేళ్ల పాటు ఆ 84 ఊళ్లు పెట్టుకున్నాయి.

న్యూయార్క్ నగరానికీ ఇదే చిక్కు వచ్చింది. క్యాట్‌స్కిల్ కొండల నీళ్లు పాడవుతున్నాయి, వందల కోట్ల డాలర్లు పెట్టి వడపోత కేంద్రం కట్టాలా అన్న ప్రశ్న. 1997లో నగరం ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. పశువులు వాగులోకి దిగకుండా కంచెలకు, పెంటకుప్పలు వానకు కొట్టుకుపోకుండా కొట్టాలకు, ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల మరమ్మతులకు నగరం తన ఖజానా నుంచి డబ్బిచ్చింది. అమ్ముతామన్నవాళ్ల దగ్గరే భూమి కొంది. ఇప్పటికీ ఆ నగరం తాగే నీళ్లలో చాలావరకు వడపోత లేకుండానే వస్తున్నాయి. మన జీవో 111లో చేయకూడనివి వరసగా ఉన్నాయి. వాగు గట్టున గడ్డి వదిలేసిన రైతుకు, ఒక బస్తా యూరియా తగ్గించిన రైతుకు పట్నం నెలకింతని ఇస్తుందన్న మాట మాత్రం ఒక్క వాక్యం లేదు. నీళ్ల బిల్లులో ఆ పద్దు ఇంతవరకు ఎవరూ రాయలేదు.