ఆచంద్రార్కం

పాత దానశాసనాలు చూసినవారికి 'ఆచంద్రార్కం' బాగా తెలిసిన మాట. 'ఆ' అంటే దాకా, అర్కుడంటే సూర్యుడు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని దాని భావం. నక్షత్రాలను కూడా కలిపి 'ఆచంద్రతారార్కం' అని రాయించినవారూ ఉన్నారు. అక్షరం రానివారికి సైతం అర్థమయ్యేలా రాతి పైభాగాన సూర్యచంద్రుల బొమ్మలు చెక్కించేవారు. అలాంటి రాళ్లు మన సీమ పల్లెల్లో గుడి ముందర, చెరువు కట్ట మీద నేటికీ కనిపిస్తాయి.

అయితే ఆ మాట ఒక్కటే చాలునని మన పెద్దలు అనుకోలేదు. దానం వివరాలు ముగిశాక శాపాలు రాయించేవారు. దీన్ని చెరిపినవాడు వారణాసిలో గోవును చంపిన పాపాన పోతాడనేవారు. తానిచ్చిన దానికంటే ఇతరులిచ్చిన దాన్ని కాపాడితే రెట్టింపు పుణ్యమనీ చెప్పేవారు. క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే మన జిల్లా కలమళ్ల శాసనం తెలుగులో తొలి శాసనాల్లో ఒకటి. అందులోనూ చివర పంచమహాపాతకం ప్రస్తావన ఉంది. ఎప్పటికీ నిలుస్తుందని నిశ్చింతగా ఉన్నవారికి శాపాలతో పనేమిటి? 'ఆచంద్రార్కం' అనేది నిలుస్తుందన్న హామీ కాదు, నిలపండని రాబోయే తరాలకు చేసిన విన్నపం.

ఇందుకు మంచి ఉదాహరణ పోరుమామిళ్ల చెరువు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దీన్ని తవ్వించాడు. 1369 నాటి శాసనం ప్రకారం రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయి. చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ శాసనం వివరించింది. చెరువు ఈనాటికీ ఉంది.

రాతి మీద రాసినంత మాత్రాన చెరువు నిలవదు. కట్టకు గండి పడితే పూడ్చాలి, తూము బాగుచేయాలి, మరవ చూసుకోవాలి, పూడిక తీయాలి. అందుకే మన ప్రాంతంలో 'దశబంధం' అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించి, మరమ్మతులు చూసుకునేవారికి భూమి గానీ, ఆదాయంలో భాగం గానీ ఇచ్చేవారు. విజయనగర కాలపు శాసనాల్లోనూ, ఇంగ్లీషువారి ఇనాం రికార్డుల్లోనూ ఈ పేరు కనిపిస్తుంది. ఆచంద్రార్కం కోరికైతే, దశబంధం దాన్ని నెరవేర్చే పద్ధతి.

నేటి రిజిస్టరు దస్తావేజుల్లో సూర్యచంద్రులు లేరు. 'పుత్రపౌత్ర పారంపర్యంగా' అని రాస్తున్నాం. కాలాన్ని ఆకాశంతో కొలవడం మాని మనుషులతో కొలుస్తున్నాం. ఇదే నిజానికి దగ్గరైన లెక్క.

యాభై ఏళ్లు నిండిన మన సంఘం కూడా బడికి 'శాశ్వతంగా' ఏదో ఒకటి ఇవ్వాలనుకోవడం సహజం. గది కట్టిద్దాం, పేర్లు చెక్కిద్దాం, తప్పులేదు. కానీ కప్పు కారితే బాగుచేసేదెవరు, బహుమతి నిధి లెక్క ఏటా చూసేదెవరు అన్నది కూడా ఆ రోజే రాసుకుందాం. ఆ బాధ్యత మన తర్వాతి బ్యాచ్‌లు అందుకుంటేనే శిలాఫలకం మీది మాటకు విలువ.